చూసి రాస్తాడు, చదవలేడు

మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖలో కంచరపాలెం. మా ఆయన ఫిషింగ్ హార్బర్‌లో బోటు పనికి వెళ్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా బాబు గవర్నమెంటు బడిలో మూడో తరగతి. వాడి నోట్సు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీద ఏది ఉంటే అది అచ్చు దించినట్టు దించేస్తాడు. కానీ ఏం రాశావురా, చదువు అంటే నా మొహం చూస్తాడు. తెలుగూ అంతే, ఇంగ్లిషూ అంతే. మొన్న మీటింగులో టీచరు గారు ‘ఇంటి దగ్గర కాస్త చదివించండమ్మా’ అన్నారు. నేను ఏడో తరగతి దాకా చదివాను. రోజూ రాత్రి కూర్చోబెట్టి పాఠం పదిసార్లు రాయిస్తున్నాను. ఒకరోజు కోపం ఆపుకోలేక చెయ్యి చేసుకున్నాను, తర్వాత నేనే ఏడ్చాను. పక్కింటావిడ ట్యూషన్‌లో వెయ్యమంటోంది, నెలకి వెయ్యి రూపాయలు. మా అత్తగారు వాడి బుర్ర ఇంతే అంటున్నారు. ఎలాగూ ఇంగ్లిష్ మీడియమే కాబట్టి తెలుగు వదిలేసి ఇంగ్లిషే పట్టుకోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.
ఒక తల్లి, కంచరపాలెం

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని మళ్ళీ చదువుకున్నాను. బోర్డు మీద ఉన్నది అచ్చు దించినట్టు దించేస్తాడు అన్నారే, అక్కడ. గుండ్రాలూ మెలికలూ నిండిన మన అక్షరాన్ని ఎనిమిదేళ్ళ చెయ్యి అంత కుదురుగా దించాలంటే కన్ను బాగా పట్టాలి, వేళ్ళు మాట వినాలి, మనసు అక్కడే నిలవాలి. ఈ మూడూ ఉన్న పిల్లాడి బుర్రకి లోటేమీ లేదని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. ఆ గీత ఏ పలుకుకి గుర్తో వాడికి ఎవరూ తీరిగ్గా చూపించలేదు, అంతే. వాడు నోట్సులో అక్షరాల బొమ్మలు గీస్తున్నాడు. చాలా చక్కగా గీస్తున్నాడు.

అందుకే మొదట మీరు మానెయ్యాల్సింది ఆ పదిసార్లు రాయించడం. ఇవాళ్టి నుంచే మానెయ్యండి. చదవడం రాని పిల్లాడు ఒక పాఠాన్ని పదిసార్లు రాస్తే పదిసార్లు బొమ్మ గీసినట్టే. చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే విసుగు పుడుతుంది. ట్యూషన్ కూడా ఇప్పుడే వద్దు. చాలా ట్యూషన్లలో జరిగేది హోంవర్కు పూర్తి చేయించడం. అంటే మళ్ళీ చూసి రాయడమే. పక్కన కూర్చుని వాడి చేత బయటికి చదివించేవాళ్ళు దొరికితే అప్పుడు ఆలోచించండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో తరగతిలో ఒక పాప ఉండేది. లేచి నిలబడి పాఠం గడగడా చదివేది. ఎంత బాగా చదువుతోందో అని నేను మురిసిపోయేదాన్ని. ఒకరోజు ఆ పాప వెనక నుంచి నడుస్తూ పుస్తకంలోకి చూశాను. తెరిచి ఉన్నది వేరే పాఠం. తోటి పిల్లలు చదువుతుంటే విని నోటికి పట్టేసింది. వేలు మాత్రం వరసల కింద నడుస్తూనే ఉంది. నాలుగు నెలలుగా నేను ఆ పాపకి రోజూ ‘వెరీగుడ్’ అంటూ వచ్చాను. ఆ తప్పు నాది. ఆ రోజు నుంచి ఏ పిల్లకి చదువు వచ్చిందీ లేనిదీ చూడాలన్నా, వాళ్ళు ఎప్పుడూ చూడని వాక్యం ఒకటి అప్పటికప్పుడు రాసి ఇచ్చేదాన్ని.

మీరూ అదే చెయ్యండి. ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల చదువుని చూసే పద్ధతి చాలా తేలిక. కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, చిన్న పేరా, ఆ తర్వాత కాస్త పెద్ద కథ. ఏ మెట్టు దాకా ఎక్కగలిగితే అదే ఆ పిల్లాడి మెట్టు. ఒక కాగితం మీద అక్షరాలు వరస తప్పించి రాయండి. అ ఆ ఇ ఈ అని వరసగా రాస్తే పాటలా పాడేస్తాడు, మనకేమీ తెలియదు. కింద అయిదు చిన్న మాటలు, ఆ కింద రెండు వాక్యాలు. పరీక్షలా కాకుండా, పనిలో పనిగా అడగండి. ఎక్కడ ఆగాడో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. మూడో తరగతి పుస్తకం మూడో తరగతి పుస్తకమే, మీ వాడు ఒకటో తరగతి మెట్టు మీద ఉంటే ఒకటో తరగతి నుంచే ఎక్కించాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

నా అంచనా చెబుతాను. మీ వాడికి అక్షరాలు చాలావరకు తెలిసి ఉంటాయి. గుణింతం దగ్గర ఆగుతాడు. ‘కో’ చూపించి ఇదేమిట్రా అంటే పెదాలు కదుపుతూ ‘క కా కి కీ కు కూ’ అని లోపల లోపల పాడుకుంటూ పోయి, ‘కో’ దగ్గర ఆగి చెప్తాడు. లేదా అది దాటిపోతాడు. ఇలాంటి పిల్లల్ని కొన్ని వందల మందిని చూశాను. గుణింతం వాళ్ళకి పాటగా వచ్చు, గుర్తుగా రాదు. మెట్లన్నీ మొదటి నుంచీ ఎక్కితే గానీ పై మెట్టు దొరకనివాడు ఒక వరస చదివేసరికి అలిసిపోతాడు. వరస చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో మర్చిపోతాడు.

దీనికి మందు ఉంది. మన బడుల్లో గుణింతాన్ని ఒక్కో అక్షరానికి పన్నెండూ పద్నాలుగూ గుర్తులు పెట్టి నిలువునా దింపుతాం. మీరు అడ్డంగా నడపండి. వారమంతా ఒకే గుర్తు. ఈ వారం దీర్ఘం. కా, పా, రా, లా, చా, మా, నా. అక్షరం మారుతుంది, గుర్తు మారదు, సాగదీసి పలకడమూ మారదు. అప్పుడు ఆ దీర్ఘం పని ఏమిటో వాడికి తట్టుతుంది. పై వారం గుడి, ఆపై వారం కొమ్ము. మొ, యొ, హా లాంటివి మిగతా అక్షరాల వరసలో నడవవు. అవి చివరికి పెట్టుకోండి. మ, య కూడా ఒకే రోజు చూపించకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది. ప, వ, ష, స కూడా అంతే. పోలికలున్నవాటిని పక్కపక్కన పెట్టి తేడా చెప్పమని పెద్దవాళ్ళు అడుగుతారు గానీ, కొత్తగా నేర్చుకునేవాడికి ఆ పక్కపక్కన పెట్టడమే తికమక.

మాటలు ఎక్కడి నుంచి తేవాలి అంటారా? మీ ఊరి పేరే తీసుకోండి. కంచరపాలెం. పలక మీద పెద్దగా రాయండి. రోజూ బస్సు మీద చూసేదే కాబట్టి ముందు మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత వాడు. కం, చ, ర, పా, లెం. ఇందులో క, చ, ర, ప, ల అని అయిదు హల్లులు, ఒక సున్న, ఒక దీర్ఘం ఉన్నాయి. ‘లెం’లో ఉన్న ఎత్వాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మిగిలిన వాటితో ఎన్ని మాటలు వస్తాయో చూడండి. పలక, కల, చాప, పార, పాప, పాక, కాకర, కారం, కంచం, రంపం, లంక, పాకం, కాలం, చాలా. అన్నీ వాడికి తెలిసిన మాటలే. వాడు అన్నం తినే కంచం, మీరు పడుకునే చాప. పాత క్యాలెండరు అట్టలు చిన్న ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాసి వాడి ముందు పొయ్యండి. కత్తెర మీ చేతిలోనే ఉంటుంది కదా. ‘కంచం చెయ్యి’ అనండి. ముక్కలు వెతికి పేరుస్తాడు. ‘చం’ తీసేసి ‘ప’ పెట్టు అనండి. కంప అవుతుంది. ఒక్క ముక్క మారితే మాటే మారిపోవడం పిల్లలకి గొప్ప సరదా. ‘చాలా కారం’ అని పేర్చి చూపించండి, నవ్వుతాడు. అది వాడు చదివిన మొదటి వాక్యం అనుకోవచ్చు.

ఆ అక్షరాలకే గుడి కలిపితే చిలక, పిలక, కిలకిల వచ్చి చేరతాయి. కొమ్ము కలిపితే పాలు, చారు, కాలు, పులి, పరుపు. అప్పటికి మూడు వారాలు గడుస్తాయి, చేతిలో నలభై దాకా మాటలుంటాయి. అప్పుడు బస్సు బోర్డుల మీద పడండి. పరవాడ, యారాడ దీర్ఘంతో వస్తాయి. గాజువాకలో కొమ్ము ఉంది. భీమిలిలో గుడీ ఉంది, గుడిదీర్ఘమూ ఉంది. సింహాచలం సున్నలకి పనికొస్తుంది. పెందుర్తి, మద్దిలపాలెం, కొత్తవలస ఒత్తులు వచ్చాక. స్టాపులో నిలబడి వచ్చే బస్సు ఎక్కడికో వాడు చదివి మీకు చెబితే, చదువు ఎందుకో వాడికి మనం వేరే చెప్పక్కర్లేదు.

ఒత్తులంటే చాలామంది తల్లులు భయపడతారు. నిజానికి కష్టమైన ఒత్తులు వాడి ఇంట్లోనే ఉన్నాయి. చాలా ఒత్తులు అసలు అక్షరం పోలికలోనే ఉంటాయి, పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం వేరే రూపంలో ఉంటాయి. అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల, బుర్ర. ఈ ఆరు మాటలు వస్తే ఆ ఆరూ వచ్చినట్టే. ఆరు అట్టముక్కల మీద రాసి తలుపు వెనక అంటించండి. రోజూ వచ్చేప్పుడూ పోయేప్పుడూ కంట పడితే చాలు.

ఇక రాయడం. చదవడం కొంచెం కుదిరాక నేర్పుదాం అని దీన్ని వాయిదా వెయ్యకండి, రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవాలి. కాకపోతే చూసి రాయడం వద్దు, విని రాయడం కావాలి. మీరు ‘చాప’ అంటారు, వాడు పలక మీద రాస్తాడు. ముందు మెల్లగా విడగొట్టి పలకమనండి. చా, ప. చూడ్డానికి ఏమీ లేనప్పుడే వాడు పలుకు నుంచి గీతకి వెళ్తాడు. పలక, బలపం ఎందుకంటే, తప్పు పోతే తుడిచేసుకోవచ్చు, గుర్తు మిగలదు. నోట్సులో కొట్టివేతలు వాణ్ణి వెక్కిరిస్తూ ఉంటాయి. ఆదివారం బీచ్‌కి వెళ్తే తడి ఇసుకలో పుల్లతో రాయించండి. మన పెద్దవాళ్ళు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించి అక్షరాభ్యాసం చేయించేవాళ్ళు. పెద్దగా, వేలితో, మొత్తం చెయ్యి కదుపుతూ దిద్దిన అక్షరం బాగా నిలుస్తుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని ఒకటుంది. ఒక పాత నోట్సు తీసుకుని దాన్ని వాడి కబుర్ల పుస్తకం చెయ్యండి. రాత్రి అన్నాలయ్యాక ‘ఇవాళ ఏమైందిరా’ అని అడగండి. వాడు చెప్పింది చెప్పినట్టు మీరు పెద్ద అక్షరాలతో రాయండి. ఒకటి రెండు వాక్యాలు చాలు. ‘నాన్న చేపలు తెచ్చాడు. నాకు ముల్లు గుచ్చుకుంది.’ తర్వాత వేలు పెట్టి మీరిద్దరూ కలిసి చదవండి, ఆపైన వాడొక్కడూ చదవాలి. మాటలు వాడివే కాబట్టి తర్వాత ఏం వస్తుందో వాడికి తెలుసు, గుర్తుపట్టడం తేలికవుతుంది. కొన్నాళ్ళకి ఆఖరి మాట వాడి చేత రాయించండి, ఇంకొన్నాళ్ళకి ఆఖరి వాక్యం. ఒకనాటికి పెన్సిల్ మీ చేతిలోంచి వాడే లాక్కుంటాడు.

అప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వాడు ‘సేప’ అని రాస్తాడు. ‘సెప్పాడు’ అని రాస్తాడు. దయచేసి కోప్పడకండి. మన వైపు ఇళ్ళలో అలాగే అంటాం, వాడు విన్నది విన్నట్టు రాశాడు. పలుకుని విడగొట్టి సరైన గుర్తు పెట్టాడు. అంటే వాడికి రాయడం వచ్చేసినట్టే. చ ఎక్కడ, స ఎక్కడ అన్నది తర్వాత సర్దుకునే సంగతి. ముందు ఆ వాక్యం చదివి దానికి జవాబు చెప్పండి. కింద మీ జవాబు రాయండి. ‘ఆ చేప పేరేమిటి?’ అని. సరైన రూపం వాడి కంట్లో పడుతుంది, మనసు నొచ్చుకోదు. బళ్ళో మేము చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. పిల్లాడు ఇంటి మాట తెస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాళ్ళం. వాడు మర్నాటి నుంచి సొంతంగా రాయడం మానేసి బోర్డు చూసి దించడం మొదలుపెట్టేవాడు. మీ వాడికి ఏమైందో నాకు తెలియదు గానీ, అలా మూగబోయిన పిల్లలు నా ఎదురుగా కూర్చునేవాళ్ళు.

1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు బడి పంతులే. కొండల మీద సవర పిల్లలకి వాళ్ళ సవర మాటలోనే చదువు చెప్పాలని, ముందు తాను ఆ భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, వాళ్ళకోసం బడులు పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇవాళ మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పిల్లల నోట్లో ఉన్న మాటతో చదువు మొదలుపెట్టడం మన ఉత్తరాంధ్రకి కొత్త కాదు.

ఇంగ్లిష్ గురించి అడిగారు. తెలుగు వదలకండి. గీత ఒక పలుకుకి గుర్తు అన్న సంగతి పిల్లాడు ఒక్కసారి ఏదో ఒక భాషలో పట్టుకుంటే చాలు, రెండో భాషకి అది పనికొస్తుంది. ఆ ఒక్కసారికి వాడు ఇంట్లో మాట్లాడే భాషని మించింది లేదు. పైగా తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో బి యు టి ‘బట్’ అవుతుంది, పి యు టి ‘పుట్’ అవుతుంది. తెలుగు కూడా చదవలేని పిల్లాణ్ణి ముందు అందులోకి దింపితే బెదిరిపోతాడు. మన గవర్నమెంటు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కదా. తెలుగు పేజీ మీరిద్దరూ కలిసి చదివి ఆ పాఠం సంగతేమిటో మాట్లాడుకోండి. పక్క పేజీలో రోజుకి రెండు మాటలు చాలు. రోజులు గడిచేకొద్దీ అవే పెరుగుతాయి.

ఇంతా ఎంతసేపు అంటే, ఇరవై నిమిషాలు. అంతకు మించి వద్దు. రాత్రి నిద్రముఖం మీద కాకుండా, బడి నుంచి వచ్చి ఏదైనా తిని కాస్త ఆడుకున్నాక. కాసేపు అట్టముక్కలు, కాసేపు పలక, చివర్లో మీరు ఏదైనా కథ చదివి వినిపించడం. ఈ చివరిది మాత్రం ఒక్క రోజు కూడా మానకండి. మీరు ఏడో తరగతే కదా అని జంకకండి, తడబడినా ఫరవాలేదు. అమ్మ కూడా ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటుందని వాడు చూడాలి. మధ్యలో ఆపి ‘తర్వాత ఏమవుతుందంటావు’ అని అడగండి. కథ అయ్యాక నీతి అడగొద్దు. పుస్తకాలు కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి, తేలికవీ కష్టమైనవీ మెట్లుగా పెట్టి ఉంటాయి. మొదటి మెట్టు కథల్లో పేజీకి ఒకటి రెండు వరసలే. ద్వారకానగర్ వైపు పని పడినప్పుడు పౌర గ్రంథాలయానికి కూడా ఒకసారి తీసుకెళ్ళండి. అంతమంది పెద్దవాళ్ళు కదలకుండా కూర్చుని చదువుకోవడం పిల్లలు చూడాలి.

టీచరు గారితో ఇంకోసారి మాట్లాడండి. ఫిర్యాదులా వద్దు. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూడాల్సి వస్తే ఒక్కో పిల్లాడి దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీరు ఇంట్లో ఏ గుర్తు మీద ఉన్నారో చెప్పి, రోజుకి ఒక్క వాక్యం వాడి చేత చదివించమని అడగండి. నిపుణ్ భారత్ అని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం తెలుసుకుంటూ చదవాలి. టీచర్ల మీద ఆ ఒత్తిడి కూడా ఉంటుంది. ఆ అంకె చూసి మీరు మాత్రం ఫోన్లో టైమ్ పెట్టి చదివించకండి. ముందు తప్పు లేకుండా, తర్వాత తడబడకుండా, వేగం దానంతట అదే వస్తుంది.

కళ్ళు ఒకసారి చూపించండి. బోర్డు కనబడుతోంది కదా అనుకోవద్దు, దగ్గరి చూపు కూడా చూడాలి. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. చెవులూ అంతే. మూడు నాలుగు నెలలు ఇలా రోజూ కూర్చున్నా నిన్న వచ్చిన అక్షరం ఇవాళ పోతూ ఉంటే పిల్లల డాక్టరుకి చూపించి సలహా అడగండి. చదవడంలోనే ప్రత్యేకంగా ఇబ్బంది పడే పిల్లలు ఉంటారు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది, వాళ్ళకి నేర్పే పద్ధతులు వేరే ఉన్నాయి. మీ వాడి విషయంలో ఇప్పుడే అంత దూరం ఆలోచించకండి.

ఆ రోజు చెయ్యి చేసుకున్న సంగతి. మీరు ఏడ్చారని రాశారు, వాడికి ఆ మాట చెప్పారా? చెప్పండి. ‘నీకు నేర్పడం నాకు తెలియలేదురా, అందుకే కోపం వచ్చింది, ఇక కొట్టను’ అని. పిల్లలు ఇలాంటివి వెంటనే మర్చిపోతారని మనం అనుకుంటాం గానీ పుస్తకం తియ్యగానే భుజాలు ముడుచుకునే పిల్లలు ఉంటారు. మీ వాడి భుజాలు ఎలా ఉన్నాయో ఈ వారం చూస్తూ ఉండండి. అవి వదులైన రోజున అట్టముక్కలు తియ్యండి.

రెండు నెలలయ్యాక నాకు మళ్ళీ రాయండి. ఆ ఉత్తరం చివర ఒక్క వాక్యం వాడి చేత రాయించండి. వాడికి ఏది రాయాలనిపిస్తే అది. మీరు చెప్పొద్దు, దిద్దొద్దు. ‘సేప’ అని ఉన్నా అలాగే పంపండి.